మంచం దాకా వచ్చిన నాటకం

తెల్లారేసరికి లీఖిం ఆల్చిప్పల షెడ్డులో ఉంటుంది. కత్తిమొన చిప్ప సందులో దూర్చి ఓ తిప్పు తిప్పితే లోపలి మాంసం జారి గిన్నెలో పడుతుంది. పక్కనున్న ఆడవాళ్లు ఊరి సంగతులు ఒలుస్తుంటారు. ఆ తైవాన్ రేవులో ఆడవాళ్ల చేతులు చిప్పలకీ, నోళ్లు కబుర్లకీ.

మాజు తల్లి పుట్టినరోజు వచ్చిందంటే మాత్రం మధ్యాహ్నానికే షెడ్డు ఖాళీ. సముద్రం మీదికెళ్లిన వాళ్లని ఒడ్డుకు చేర్చే తల్లి ఆవిడ. ఆవిడ గుడికి ఎదురుగా చెక్క వేదిక లేస్తుంది, గ్వేహా నాటకం దిగుతుంది. గ్వేహా ఆడమనిషే, అరవై దాటాయి. ఇప్పటికీ పడుచు రాకుమారుడి వేషమే. మీసం లేని ఆ మగవాడికి మూడు తరాల ఆడవాళ్లు మనసు పారేసుకున్నారు.

వేషగాళ్ల అంగీ చేతులకి చివర తెల్లపట్టు వేలాడుతుంది. అందరికీ అది మూరెడే. గ్వేహాకి మాత్రం, రాలేనివాళ్లు ఎంత దూరాన ఉంటే అంత. వేదిక దిగి, జనం తలల మీదుగా వీధుల్లోకి సాగి, బాలింత ఉన్న ఇంటికో, కొట్టు వదల్లేని మనిషి దగ్గరికో పోతుంది. కొస పట్టుకున్నవాళ్లకి నాటకం కళ్లకి కడుతుంది, పాట చెవిన పడుతుంది. పట్టు వెళుతుంటే స్కూటర్లు ఆగుతాయి. ఆరేసిన బట్టల కర్రలు ఎవరో ఒకరు ఎత్తి పట్టుకుంటారు. వాన మబ్బు పడితే బట్టలు తీసుకున్నట్టే, అదొక పని.

ఈ ఏడు అది లీఖిం ఇంటికి రావాలి. అత్తగారు తువాన్ చలికాలంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఎముక అతికింది. "ఇప్పుడు కాలు కింద పెట్టకపోతే ఇక ఎప్పటికీ పెట్టలేరు" అన్నాడు డాక్టరు. తువాన్ గోడవైపు తిరిగి పడుకుంది. బతిమాలితే కాస్త గంజి. మాట లేదు.

లీఖిం ఆల్చిప్పల అట్టు గిన్నెలో పెట్టుకుని వేదిక వెనక్కి వెళ్లింది. అక్కడ తెర ఎప్పుడూ తీసే ఉంటుంది. గ్వేహా అద్దం ముందు కనుబొమలు దిద్దుకుంటుంటే, చుట్టూ ఆడవాళ్లు స్టూళ్లేసుకుని తమ మోకాళ్ల నొప్పులు చెప్పుకుంటున్నారు. ఆవిడ అందరికీ ఊఁ కొడుతోంది.

"ఎవరమ్మాయివే నువ్వు? చేతులనిండా కోతలే."

"తువాన్ గారి కోడల్నమ్మా."

కుంచె ఆగింది. "ముందు వరసలో కూర్చుని నా తప్పులు ఏరుతుంది, ఆ మహాతల్లేనా? కిందటేడు ఒక చరణం మింగేస్తే, 'ఏయ్ గ్వేహా, అన్నం చాల్లేదా?' అని అందరిముందూ కేకేసింది. ఈసారి ఆ నోరు వినబడదేం?"

"మంచం దిగట్లేదమ్మా. మాటా మానేసింది."

గ్వేహా నవ్వు చల్లారింది. "ఇల్లెక్కడ?"

"కట్ట దాటి, చిప్పల గుట్టల అవతల. అంత దూరం పట్టు వస్తుందో రాదో..."

"దూరందేముందే! నాకోసం ఆవిడెన్ని బస్సులెక్కిందో నాకు తెలీదూ? ఒకసారి వానొచ్చి జనమంతా లేచిపోతే, గొడుగేసుకుని ఒక్కత్తే కూర్చుంది. ఆ ఒక్కదానికీ ఆట మొత్తం ఆడాను. సరే, ఒక ముక్క నోట్లో పెట్టు, నా చేతులకి రంగుంది."

లీఖిం పెట్టింది. ఆవిడ కళ్లు మూసుకుని నమిలింది.

ఇంట్లోకి వేదిక మీది గంట మోత లీలగా వినిపిస్తుండగానే పట్టు కిటికీలోంచి వచ్చింది. లీఖిం దాని కొస అత్తగారి చేతిలో పెట్టబోతే తువాన్ పిడికిలి బిగించింది. పట్టు తొందరపడలేదు. ఆ పిడికిలి మీదే పడుకుంది. కాసేపటికి వేళ్లు విడ్డాయి. లీఖిం కూడా ఓ అంచు పట్టుకుంది.

రాకుమారుడు యుద్ధానికి పోతూ భార్యకి సగం దువ్వెన ఇచ్చే ఘట్టం. ఆ తీరంలో పసిపిల్లలకి కూడా తెలుసు. గ్వేహా గొంతు కరిగి పారుతోంది. రాకుమారుడు దువ్వెన విరిచాడు. తిరిగాడు. తీసుకెళ్లి పనిమనిషి చేతిలో పెట్టాడు.

తువాన్ కళ్లు తెరిచింది. "ఏవిటీ?"

నెలల తర్వాత మొదటి మాట.

"పనిపిల్లకా? దీని మతి మండ! దువ్వెన భార్యకే, భార్యకి!"

"ఇక్కణ్ణుంచి అరిస్తే ఆవిడకేం వినబడుతుంది అత్తయ్యా?" అంది లీఖిం.

పట్టు ఒక్కసారి మెల్లగా లాగింది. తువాన్ దాన్ని రెండు చేతులా పట్టుకుని, పళ్లు బిగించి, కాలు నేల మీద పెట్టింది.

పట్టు బిగుసుకుని కొయ్యలా నిలిచింది. సగం బరువు అది మోసింది, మిగతా సగం కోడలు మోసింది. వాళ్లు నడిచినకొద్దీ అది పొట్టిదవుతూ వెనక్కి పోతోంది. కట్ట మీద తువాన్ ఏడ్చింది, తిట్టింది, మళ్లీ నడిచింది. ఆగి ఉన్న స్కూటరు మీంచి ఒకావిడ ఆ తిట్లు విని కేకేసింది: "త్వరగా పద తువానక్కా, పనిపిల్ల దువ్వెన పట్టుకుని పారిపోతోంది!"

అక్కడ వేదిక మీద నాటకం ఆగే ఉంది. పనిపిల్ల వేషం వేసిన అమ్మాయి దువ్వెన ఏం చేసుకోవాలో తెలీక నిలబడింది. గంటలవాడు అదే వరస వాయిస్తూ చెమటలు కక్కుతున్నాడు.

వేదికకీ గుడికీ నడుమ దారి ఖాళీగా ఉంచుతారు, అమ్మవారి చూపుకి అడ్డం రాకూడదని. తువాన్ సరిగ్గా ఆ దారినే పడి వచ్చింది. గుడిపెద్ద నోరు తెరిచి, ఆవిడ పాదాలు చూసి, మూసేశాడు.

"తల్లి కాస్త పక్కకి జరిగి చూసుకుంటుందిలే" అని గొణిగాడు.

"గ్వేహా! దువ్వెన ఎవరిది?" అంది తువాన్, రొప్పుతూ.

గ్వేహా వేదిక అంచుకొచ్చి, రాజు ముందు వంగినట్టు వంగింది. ఆవిడ కళ్లకింద రంగు చెదిరింది. "మతి లేనిదాన్ని అక్కా. నువ్వు లేకపోతే నా నాటకం ఇంతే. చెప్పు, మొదట్నించి పాడతాను."

తువాన్ పట్టు కొస పిడికిట చుట్టుకుని, నిలబడే విన్నది. ఎవరో స్టూలు జరిపినా కూర్చోలేదు.

లీఖిం చేతులు జోడించింది. వెనక అమ్మవారు, ముందు గ్వేహా. ఎటు తిరగాలో తోచక ఒక క్షణం తడబడి, గుడికి వీపు పెట్టి, ముందుగా వేదికకే మొక్కింది.