లీటరు గీత

ఉరుకుందప్ప ఇంకో గిన్నె ఒళ్లో పెట్టుకుని మిషను పెన్ను ఆనించాడు. "శిల్ప – హనుమేష్ పెళ్లి కానుక." కర్నూలు పాతబస్తీలోని ఈ స్టీలు సామాన్ల అంగడి అరుగు మీద ముప్పై ఏళ్లుగా అతని పని పేర్లు కొట్టడమే. పేరు లేని గిన్నె పెళ్లిళ్లలో మాయమైపోతుంది కాబట్టి అతనికింత తిండి దొరుకుతోంది. పెన్ను అదురుకు కుడిచేతి వేళ్లు మొద్దుబారాయి, కాలే టీ గ్లాసు పట్టుకున్నా తెలియదు. మెడ కూడా ఒక పక్కకు వాలిపోయింది.

పేరయ్యాక గిన్నె లోపల చీపురుపుల్ల నిలబెట్టి, దాని కొన తగిలినచోట సన్నగా గీత గీసి "లీటరు" అని రాశాడు. ఇది ఎవరూ చెప్పని పని. పెళ్లికొచ్చినవాళ్లకు పంచే నూటయాభై గిన్నెలూ ఒకే అచ్చువి. పొద్దున్నే ఒకదాంట్లో లీటరు సీసాడు నీళ్లు పోసి, తడిసినంత మేరకు పుల్ల తుంచుకున్నాడు.

రెండేళ్లుగా ఇదే వరస. కొత్త గిన్నెలో ఈ గీకుడేమిటని కొందరు వాపసు తెచ్చి కొట్లాడారు. యజమాని వీరభద్ర మంచివాడే, చాలాసార్లు చూసీచూడనట్టు పోయాడు. నిన్న మాత్రం ఖరాఖండిగా చెప్పాడు, ఈ పెళ్లి సామానులో గీత కనిపిస్తే ఇక పనిలో ఉంచుకోనని. ఉరుకుందప్ప తలూపాడు. ఈ వయసులో ఇంకెవరూ పనివ్వరని తెలుసు. కానీ నూటయాభై ఇళ్లు. అన్ని ఇళ్లలోనూ పసిబిడ్డలుంటారు కదా.

రెండేళ్ల కిందట కూతురి బిడ్డకు విరేచనాలు పట్టుకున్నప్పుడు ఓఆర్ఎస్ ప్యాకెట్ లీటరు నీళ్లలో కలిపి తాగించమన్నారు. ఓర్వకల్లు దగ్గర వాళ్ల ఇంట్లో లీటరంటే చెంబెడు. అతని భార్య గిడ్డమ్మ రెండు రోజులు చెంబులోనే కలిపి, ఒక్కొక్క గుక్కే ఓపిగ్గా తాగించింది. పాప పేరు పెట్టిన రోజు ఉరుకుందప్ప స్వయంగా కొట్టిచ్చిన చెంబు అది. నాగజ్యోతి అన్న పేరుంది, పుట్టిన తేదీ ఉంది. పట్టేది అర లీటరేనని మాత్రం ఎవరికీ తెలియదు. పాప పోయాక పెద్దాసుపత్రి డాక్టరు అతన్ని పక్కకు పిలిచి, మందులో నీళ్లు చాలక ఒంట్లో ఉప్పు ఎక్కువైపోయిందని చెప్పాడు. ఆ మాట అతను గిడ్డమ్మకు ఇంతవరకూ చెప్పలేదు. ఎలా చెబుతాడు? ఆమె ఇప్పటికీ ఆ చెంబుతోనే నీళ్లు తాగుతుంది.

మధ్యాహ్నం వీరభద్ర వచ్చి ఒక గిన్నె ఎత్తి లోపలికి చూశాడు. తర్వాత ఇంకోటి. గీత పడ్డవి అరవై ఒకటి తేలాయి.

"రేపట్నించి రావాకప్పా" అన్నాడు మెల్లిగా.

ఉరుకుందప్ప లేచి అతని చేతులు పట్టుకున్నాడు. కూలి దుడ్లు వద్దన్నాడు, పేర్లు ఊరికే కొడతానన్నాడు, గీత మాత్రం ఉండనిమ్మన్నాడు. స్టీలు కిలోల్లో తూస్తావు, గుడ్డ మీటర్లలో కొంటావు, నీళ్ల దగ్గరికొచ్చేసరికి చెంబులెందుకని వాదించాడు. ఏదీ పనిచేయక చివరికి దాచుకున్న మాట బయటపెట్టాడు.

"నా మనవరాలు ఈ గీత లేకనే పోయింది సామీ. లీటరంటే ఎంతో మా గిడ్డమ్మకు తెలీదు, నాకూ తెలీదు. చెంబుడు నీళ్లలో మందు కలిపి ఆమె చేత్తోనే పోసింది. ఆమెకు చెప్పలేక ఈడ గీస్తాండా."

వీరభద్ర కళ్లు తుడుచుకున్నాడు.

"నువ్వు చెప్పకుండా ఉంటే ఎట్లో ఒకట్ల సర్దుకుందును గదప్పా. బిడ్డ చావుకు గీసిన గీతను పెళ్లింటికి యాడ పంపేది?"

తన నోటితోనే తన గీతను చెరుపుకున్నానని అర్థమై, ఉరుకుందప్ప గోడ పట్టుకుని మెట్లు దిగి, ఎండలో బస్టాండు వైపు నడిచాడు.

సాయంత్రం గీత పడ్డ గిన్నెలన్నిటినీ పాతసామాను కింద కాటా వేశారు. పద్నాలుగు కిలోల ముప్పై గ్రాములు. అన్నిటికన్నా పైన పెట్టిన గిన్నెలో గీత సగం దాకే ఉంది, పక్కన ఇంకా ఏమీ రాయలేదు.