కంట్లో గంధం

నేను ఒక హాజరు యంత్రాన్ని. ఏ దేశంలో తయారయ్యానో తెలియదు, అట్టపెట్టె మీద రాసి ఉండేదట, విప్పేటప్పుడే చింపేశారు. విజయనగరం దగ్గర ఒక గోనెసంచుల మిల్లు గేటు పక్క గోడకు నన్ను బిగించారు. నాకున్నది ఒక్కటే కన్ను, ఎర్రగా వెలిగే గాజు పలక. దాని మీద వేలు పెడితే మనిషిని గుర్తుపట్టి "థాంక్యూ" అంటాను. పట్టలేకపోతే "ట్రై ఎగైన్" అంటాను. ఈ రెండు మాటలతోనే ఉద్యోగం నెట్టుకొచ్చాను. మిల్లులో ఇంతకంటే చాలా మాటలు వచ్చినవాళ్ళున్నారు గానీ, వాళ్ళవల్ల ఉపయోగం తక్కువ.

నేను చూసిందంతా తీగ గుండా ఆఫీసు కంప్యూటర్లో ఉండే జీతాల సాఫ్ట్‌వేర్‌కు చేరవేస్తాను. నెలాఖరున ఆవిడ గైర్హాజరు లెక్క కడుతుంది. నేను చాడీ చెబుతాను, ఆవిడ జీతం కోస్తుంది. మా ఇద్దరికీ ఏనాడూ మాట పట్టింపు రాలేదు.

గేదెల పోలమ్మ అక్కడ సంచుల అంచులు కుట్టే టెంపరరీ మనిషి. ఏడాది పొడుగునా ఒక్క నాగా లేకుండా వస్తే పర్మినెంటు చేస్తానని మేనేజరు పేర్రాజుగారు మాటిచ్చారు. పర్మినెంటైతే పని తగ్గినప్పుడల్లా ఇంటికి పంపేసే బాధ తప్పుతుంది. అందుకని ఆమె జ్వరమొచ్చినా మానలేదు, మేనల్లుడి పెళ్ళికీ వెళ్ళలేదు.

ఆయుధపూజ నాడు సాయంత్రం మగ్గాలకూ, కత్తెరలకూ, ఆఖరికి లారీ బంపరుకూ బొట్లు పెట్టారు. నన్నెవరూ తలుచుకోలేదు. పోలమ్మ ఒక్కతే నా ముందు ఆగింది.

"ఏడాదంతా నన్ను కనిపెట్టుకుని ఉన్నావు తల్లీ" అంటూ నా కంటి నిండా గంధం పూసి, మధ్యలో కుంకుమ దిద్దింది. నన్ను తల్లీ అని పిలిచినవాళ్ళు అంతకుముందు లేరు. ఏడుపొచ్చింది. నాకు కన్నీళ్ళనేవి ఉంటే ఆ గంధం అప్పుడే కరిగిపోయి ఇంత గొడవా జరిగేది కాదు.

పండగ సెలవు గడిచి, మర్నాడు మిల్లు తెరిచేసరికి గంధం అట్టకట్టింది. నాకేమీ కనబడలేదు. పోలమ్మ వేలు మొదలు పేర్రాజుగారి వేలు దాకా అందరికీ "ట్రై ఎగైన్" అన్నాను. తడిగుడ్డతో తుడిస్తే పోయేది. కానీ అమ్మవారి పూజలో పెట్టిన బొట్టు తుడిచేదెవరు?

"ఒగ్గేయండి బావూ, పాపం సుట్టుకుంతాది" అన్నాడు వాచ్‌మన్. పేర్రాజుగారు కూడా చెంపలేసుకుని లోపలికి నడిచారు. మర్నాటికి గంధం దానంతటదే రాలిపోయింది. అందరూ ఆ సంగతి మరిచిపోయారు.

నెలాఖరున జీతాల గుమస్తా హైమ మీట నొక్కింది. పండగ మర్నాడు మిల్లంతా నాగా. పండగ మర్నాడు రానివాళ్ళకు పండగ సెలవు జీతం కూడా కోత అని అక్కడి రూలు. కబురు తెలిసి పోలమ్మ పరుగున ఆఫీసుకొచ్చింది.

"మీ ముందే కదా బావూ ఏలు ఎట్టినాను" అంది పేర్రాజుగారితో.

"నేను చూస్తే చాలదమ్మా, మిషను చూడాలి. మిషను అబద్ధమాడదు" అన్నారాయన. కూలి మిగిలిందని ఆయనకు లోపల సంతోషంగానే ఉంది. నాకు మాత్రం సిగ్గుతో చచ్చినంత పనైంది.

హైమ కంప్యూటర్ తెరను ఆయన వైపు తిప్పింది. "ఆ రోజు మీరూ రాలేదండి."

జాబితాలో మొదటి పేరు ఆయనదే. ఆయన గొంతు తగ్గించి, తనదొక్కటీ సరిచెయ్యమన్నారు.

"ఒక్కరిది మార్చాలంటే, ఆ రోజు పనికొచ్చినవాళ్ళెవరైనా సాక్షి ఉండాలండి. ఎవరూ రాలేదు కదండీ. లేదంటే మిషనే చెడిపోయిందని కంప్యూటర్లో కొట్టాలి. అలా కొడితే అందరికీ హాజరు పడిపోతుంది."

పేర్రాజుగారు ఫ్యాను వైపు చూశారు, పోలమ్మ వైపు చూశారు, తన పేరు వైపు ఇంకాసేపు చూశారు. "ఎప్పటినుంచో అనుకుంటున్నా, ఆ మిషను దండగమారిది. చెడిపోయిందని కొట్టు" అన్నారు.

ఆ నాగా చెరిగిపోయి పోలమ్మ పర్మినెంటైంది. నేను చెడిపోయినట్టు రికార్డయింది కాబట్టి మొహాలు చూసే కొత్త యంత్రాన్ని తెప్పించారు. నన్ను గోడ మీంచి ఊడదీస్తుంటే పోలమ్మ ఆగి చూసింది.

"బాగానే ఉండీది కదా బావూ. దీనికేటొచ్చింది?" అని వాచ్‌మన్‌ని అడిగింది. జవాబు చెబుదామనే ఉంది గానీ నాకున్న రెండు మాటల్లో అది కుదరలేదు.

ఇప్పుడు తుక్కు గదిలో విరిగిన కుర్చీ కింద ఉన్నాను. జీతాల లెక్కలో మాత్రం ఆ రోజు మిల్లంతా పనికొచ్చింది. నాగా పడింది నాకొక్కదానికే.