నాలుగు వేళ్ల అంచు

"దానికేముంది, మా ఆవిడ కుట్టేస్తుంది."

గోడ అవతల కొట్లోంచి హ్యూ గొంతు వినపడేసరికి, జావ అడుగంటిన గిన్నెని గీకుతున్న లెట్టీ చెయ్యి ఆగిపోయింది. ఆ ఒక్క మాటతో ఆమెకి సంగతంతా తెలిసిపోతుంది. కుర్చీల బేరమైతే హ్యూ గొంతు పెద్దదవుతుంది, బీరువాలైతే నవ్వు కలుస్తుంది. ఇంత మెత్తటి గొంతు శవపేటిక కోసం వచ్చినవాళ్లకే. అందులోనూ చిన్న పెట్టె కోసం.

"పసివాళ్ల పెట్టెకి లోపలి గుడ్డ మేం ఊరికే వేస్తాం ఫేర్లీ, ఇంక ఆ మాట ఎత్తకు. తెల్లటి నారబట్ట వేయిస్తాను. పొడుగెంత?"

"రెండడుగుల తొమ్మిదంగుళాలు. వాళ్లమ్మ దారంతో కొలిచి ఇచ్చింది."

లెట్టీ గబుక్కున చెయ్యి తుడుచుకుని, నేలమీద చెక్క చెంచాతో ఆడుకుంటున్న ఎస్తర్‌ని ఎత్తుకుంది. పది నెలల పిల్లకి ఏం అర్థమవుతుంది? అయినా అరచేత్తో దాని చెవి మూసింది. పొద్దున్నించి పిల్ల రెండుసార్లు దగ్గింది. రెండేనా, మూడా? మూడోది దగ్గా, లేకపోతే జావ గొంతుకి అడ్డం పడిందా? ఫేర్లీ పిండిమర బండి తోలుతాడు. వాళ్ల ఆండ్రూ కూడా పోయిన ఆదివారం చర్చి మెట్లమీద గంతులేసి, సోమవారం పొద్దున ఇలాగే దగ్గాడట. గురువారానికి లేడు.

ఐర్లండులో, బాన్‌బ్రిడ్జ్‌లో ఉన్నప్పుడు హ్యూకి ఈ పని లేదు. బల్లలు, సొరుగులు, పెళ్లిపెట్టెలు చేసేవాడు. సొరుగు లాగితే చప్పుడవకూడదనేవాడు, పిల్లి నడిచినట్టుండాలనేవాడు. కెనడా వచ్చి ఈ గాల్ట్‌లో దిగాక మొదటి ఆరు నెలలు ఒక్కరూ కుర్చీ అడిగిన పాపాన పోలేదు. కొట్టేసిన చెట్ల మొద్దులు ఇంకా వీధి మధ్యలోనే ఉండేవి, జనం వాటిమీదే కూర్చునేవాళ్లు. కుర్చీ లేకపోయినా గడుస్తుంది, పెట్టె లేకపోతే గడవదు. అలా మొదలైంది. ఇప్పుడు ఊరికి రెండు పిండిమరలు, రాతి వంతెన, నాలుగు సారా దుకాణాలు వచ్చాయి. కొట్టు మీద బోర్డూ వచ్చింది: హ్యూ గిల్కిసన్, బల్లలు, కుర్చీలు, శవపేటికలు. ఆ అక్షరాలకి బంగారు రంగు పూస్తున్నప్పుడు నిచ్చెన పట్టుకుని నిలబడింది లెట్టీనే.

తన పెళ్లిపెట్టె చేసేముందు హ్యూ తనని అడిగాడు. ఆ సంగతి తలుచుకుంటే లెట్టీకి ఇప్పటికీ ఒళ్లు వెచ్చబడుతుంది. వాళ్ల నాన్న మగ్గం గది ముందు ఆమెని నిలబెట్టి, "వంగి వంగి నీ నడుం పోకుండా ఎంతెత్తు చెయ్యమంటావ్?" అన్నాడు. ఇక్కడికి అని మోకాలు చూపించింది. కాదు ఇక్కడికి అని చెయ్యి ఇంకాస్త పైకి పెట్టి నవ్వాడు. అమ్మ కిటికీలోంచి చూసి దగ్గింది. ఒక మనిషి తన నడుం గురించి ఆలోచించడం లెట్టీ పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. అదే ఆఖరు కూడానేమో.

ఆ పెట్టెలో అమ్మ పన్నెండు గజాల నారబట్ట పెట్టి పంపింది. అవిసె చేను నీలంగా పూసినప్పటి నుంచీ ఆ బట్ట లెట్టీకి తెలుసు. అవిసె కోసి, నానబెట్టి, నార తీసి, అమ్మ వడికింది. నాన్న నేశాడు. నాన్నకి కండెలు చుట్టడానికే కదా తొమ్మిదో ఏట తనని బడి మాన్పించారు. పలకమీద 'జీ' అక్షరం గుండ్రంగా రావడం మొదలైన వారమే. అప్పుడు ఏడ్చింది గానీ, ఇప్పుడు తలుచుకుంటే ఏడుపు కాదు, ఆ పచ్చిక గుర్తొస్తుంది. నేసిన బట్టని ఏటి ఒడ్డున పచ్చికమీద బారుగా పరిచి, వారాల తరబడి మంచులో, ఎండలో చలువ చేసేవాళ్లు. పిల్లలంతా కుండలతో నీళ్లు చల్లుతూ బట్ట చుట్టూ పరిగెత్తేవాళ్లు, బట్టమీద కాలు పడితే వీపు పగిలేది. రోజురోజుకీ బూడిదరంగు వదిలి బట్ట తెల్లబడుతుంటే, అమ్మ దాన్ని చెంపకి ఆనించుకుని, "ఇంకో రెండు మంచులు కురవాలే," అనేది. ఆ తడి వాసన ఈ దేశంలో ఎక్కడా లేదు. పెట్టె మూత తీసినప్పుడు మాత్రం ఉండేది.

మొదటి ముక్క లెట్టీ తనే ఇచ్చింది, ఎవరూ అడగకుండానే. వచ్చిన ఏడాది చలికాలం. దార్లు మూసుకుపోయి దుకాణంలో జానెడు గుడ్డ లేదు. పడవవాడి కూతురు పోతే, పెట్టెలో ఉత్త చెక్కమీద పడుకోబెడతారంటే మనసొప్పలేదు. గజంన్నర కోసింది. అడుగున చిత్రిక పొట్టు మెత్తగా పరిచి, చుట్టూ ఏటి అలల్లా కుచ్చిళ్లు పోసి, చెంప తగిలేచోట ఒక్క ముడి కూడా లేకుండా కుట్టింది. ఆ తర్వాతి ఆదివారం పాస్టరు గారు ప్రసంగం మధ్యలో, "మన గిల్కిసన్ గారి దయగల హృదయం," అన్నారు. హ్యూ చెవులు ఎర్రబడ్డాయి. పక్కన కూర్చున్న అత్తగారు లెట్టీని మోచేత్తో పొడిచింది, విన్నావా అన్నట్టు.

ఆ రోజు ఇచ్చింది లెట్టీ. రెండోసారి నుంచీ ఇస్తున్నది గిల్కిసన్.

అలా ఐదేళ్లలో ఏడు పెట్టెలు. ఇక మిగిలింది గజంన్నర. అది ఎస్తర్‌కని పక్కన పెట్టుకుంది. వచ్చే ఆదివారం పిల్లకి బాప్తిస్మం. గౌను కత్తిరించడం అయిపోయింది, అంచు కుట్టింది, చేతులు అతకాలి. ఇంకా జానెడు వెడల్పున మూరెడు పొడుగు ముక్క మిగిలితే మడిచి పెట్టెలో పైన పెట్టింది.

హ్యూ లోపలికొచ్చాడు. జుట్టునిండా చెక్క పొట్టు, చేతిలో కొలబద్ద.

"లెట్టీ, సాయంత్రానికి కావాలే. ఫేర్లీ వాళ్ల పిల్లాడికి. నారబట్ట ఉందిగా?"

"ఉన్నది ఎస్తర్ గౌనుకి."

"దుకాణంలో పువ్వుల చీటీ గుడ్డ వచ్చింది కదా. దాంతో కుట్టు."

"బాప్తిస్మం గౌను హ్యూ. మా అమ్మ వడికిన..."

"బతికున్న పిల్లకి ఏదైతేనేం లెట్టీ! వాడికిదే ఆఖరు గుడ్డ. నీకు జాలనేది లేదా? నేను మాటిచ్చేశాను."

లెట్టీ ఎస్తర్‌ని ఇంకో చంకకి మార్చుకుంది. ఐదేళ్లుగా సూది గుచ్చుకుని వేళ్లు గరుకెక్కినవి ఎవరికి? అందులో జాలి లేదా? చలికాలం దీపం ముందు కళ్లు నీళ్లు కారుతుంటే కుట్టినవి? అడగాలంటే మాటలు ఉన్నాయి, కానీ వరసగా రావు. బడి ఇంకో నాలుగేళ్లు చదివుంటే వచ్చేవేమో.

పొయ్యి పక్కన మేజోడు అల్లుతున్న అత్తగారు తలెత్తకుండానే అందుకుంది. "ఇచ్చెయ్యి అమ్మాయ్. దాచుకుని ఏం చేస్తావ్, నిన్ను చుట్టి పంపమంటావా? మా హ్యూది వెన్నలాంటి మనసు. అచ్చం వాళ్ల నాన్నే."

హ్యూ ఆ మాటకి మెత్తబడ్డాడు. ఎస్తర్‌ని లెట్టీ చంకలోంచి తీసుకుని ముద్దుపెట్టుకుని, దుప్పటిమీద వెల్లకిలా పడుకోబెట్టాడు. "దీనికి తొట్టి చాలడం లేదు. మేపుల్ చెక్క ఒకటి మంచిది దొరికింది, మంచం చేస్తాను," అంటూ పిల్ల పక్కన కొలబద్ద ఆనించాడు. అరికాలు దగ్గర బొటనవేలు పెట్టి, "రెండడుగుల..."

"తియ్!"

ఆ కేకకి ఎస్తర్ ఏడుపు లంకించుకుంది. లెట్టీ పిల్లని లాక్కుని గుండెకి అదుముకుంది. కొలబద్ద నేలమీద పడి చప్పుడైంది.

"పిచ్చెక్కిందా నీకు? మంచానికే!" అన్నాడు హ్యూ.

"తెలుసు."

"తెలిస్తే ఎందుకా కేకలు?" బద్ద తీసుకుని తల అడ్డంగా తిప్పుతూ కొట్లోకి పోయాడు. రంపం మొదలైంది. పిల్ల పెట్టెకి పది నిమిషాల కోత, లెట్టీకి లెక్క తెలుసు.

మధ్యాహ్నం దాటాక వంటింటి తలుపు ఎవరో తట్టారు. పెట్టెల పనిమీద వచ్చేవాళ్లు ఎప్పుడూ కొట్టు వైపే వస్తారు. తలుపు తీస్తే టామ్సిన్ నిలబడి ఉంది, ఫేర్లీ భార్య. చేతిలో ముడతలు పడ్డ గోధుమరంగు లంగా.

"లోపలి గుడ్డ కుట్టేది నువ్వేనటగా," అంది.

"నేనే అండీ. రండి, కూర్చోండి."

కూర్చోలేదు. "ఇంటినిండా ఆడవాళ్లే. వాడికి స్నానం వాళ్లే చేయించారు. బట్టలు వాళ్లే తొడిగారు. నువ్వు పడుకో టామ్సిన్, మేం చూసుకుంటాం అంటారు. నా చేతులు ఖాళీగా ఉన్నాయమ్మాయ్. ఏం చెయ్యను వీటిని?" లంగా ముందుకు చాపింది. "వాడు నడక నేర్చుకుంది దీన్ని పట్టుకునే. ఇదిగో, ఇక్కడ గుప్పిట పట్టేవాడు, మరక కూడా పోలేదు. తెల్లది కాదు మరి. మీ ఆయన తెల్లదే వేస్తారట కదా, గొప్పగా ఉంటుందట. ఇది పెడితే పనికిరాదా?"

లెట్టీ ఆ మరకకేసి చూస్తూ ఉండిపోయింది. ఏడు పెట్టెలు. పడవవాడి భార్య, బడిపంతులు గారి భార్య, వంతెన కట్టిన మేస్త్రీ భార్య... ఏ తల్లీ ఈ తలుపు తట్టలేదు. ఏ తల్లినీ ఎవరూ అడగలేదు, మీ ఇంట్లో గుడ్డ ఏమైనా ఉందా, మీరు కుడతారా అని. తెల్లటి నారబట్ట ఊరికే వస్తుంటే అడగడం దేనికి? తన పెట్టెలోంచి తీసుకున్నది తనకొక్కదానికే నష్టమనుకుంది ఇన్నాళ్లూ.

"పనికొస్తుంది," అంది. "మీరే కుట్టండి. కుచ్చిళ్లు ఎలా పొయ్యాలో నేను చూపిస్తాను."

బల్ల దగ్గర పక్కపక్కన కూర్చున్నారు. అత్తగారు ఎస్తర్‌ని ఒళ్లో వేసుకుంది. టామ్సిన్ ఏడవలేదు. మాట్లాడుతూనే ఉంది. వాడికి ఉల్లికాడలంటే ఇష్టమట. గుర్రాన్ని 'బుర్రం' అనేవాడట. మరక ఉన్న చోటు వాడి చేతికి తగిలేలా లోపలి వైపుకి తిప్పుకుని కుట్టింది. ముడి పైకి వస్తే పళ్లతో కొరికి, మళ్లీ వేసింది.

దారం అందుకోబోతూ బల్ల చివర ఉన్న గౌను చూసింది. తీసి, వేళ్లతో అంచు తడిమింది.

"ఎంత సన్నటి కుట్టు! పిల్లకా?"

"బాప్తిస్మానికి."

"మరి ఇదేంటమ్మాయ్, ఇంత కచ్చితంగా కొలతకి కోశావు? అంచులో మడతకి గుడ్డ వదల్లేదేం? ఎదిగే పిల్ల కదా."

లెట్టీ గౌను చేతిలోకి తీసుకుంది. తిప్పి చూసింది. నిజమే. ఒక్క పోగు వదల్లేదు. తాడుమీద ఆరేసిన ఎస్తర్ బట్టలు గుర్తొచ్చాయి. రెండు గౌన్లు, ఒక చొక్కా, అన్నీ ఇంతే, నెల తిరక్కుండానే బిగుతైపోతుంటే పిల్ల ఏపుగా ఉందని మురిసిపోయింది గానీ చూసుకోలేదు. పెట్టెలో వేసే గుడ్డకి పెరుగుదల వదలరు. చెయ్యి అదే నేర్చుకుంది. మరి ఆ మూరెడు ముక్క దేనికి మిగిల్చింది? ఎవరికని అంత జాగ్రత్తగా మడిచి పైన పెట్టింది? ఏ కొలతకి?

లెట్టీ కత్తెర తీసుకుని గౌను అంచు కుట్లన్నీ విప్పేసింది.

పొద్దు వాలేవేళకి హ్యూ పెట్టె కోసం గుడ్డ తీసుకోవడానికి వచ్చాడు. టామ్సిన్ అప్పటికి వెళ్లిపోయింది. బల్లమీది గోధుమరంగు కుచ్చిళ్లు చూసి నుదురు ముడిచాడు.

"ఇదేంటి, పాత లంగానా? తెల్లది వేస్తానని మాటిచ్చానే! గిల్కిసన్ పెట్టె గురించి ఊళ్లో ఏమనుకుంటారు?"

"వాళ్లమ్మ లంగా. వాళ్లమ్మే కుట్టింది."

"నేను మాటిచ్చానంటుంటే..."

"ఇచ్చావు. నన్ను అడగలేదు. ఆవిడనీ అడగలేదు." లెట్టీ సూదిలో దారం ఎక్కిస్తూనే ఉంది, గొంతు పెరగలేదు. "పెళ్లిపెట్టె ఎంతెత్తు ఉండాలని అడిగావు ఒకప్పుడు, గుర్తుందా? ఇకనుంచి చిన్న పెట్టె కోసం ఎవరొచ్చినా, పిల్ల తల్లిని ఈ తలుపుకి పంపు. ఏ గుడ్డో, ఎవరు కుట్టాలో మేం మాట్లాడుకుంటాం. నేను కుడతాను అంటే, అది నేను చెప్తాను. ఆ 'మా ఆవిడ కుట్టేస్తుంది' మాత్రం ఇంక నా చెవిన పడనీకు."

హ్యూ తల్లి వైపు చూశాడు. ఆవిడ ఊడిన కుట్టేదో వెతుక్కుంటున్నట్టు మేజోడు మొహానికి దగ్గరగా పెట్టుకుంది. హ్యూ గోధుమరంగు గుడ్డని రెండు చేతులమీదా ఎత్తుకున్నాడు. మరక దగ్గర బొటనవేలు ఆగింది. వెళ్లబోతూ గౌను చూశాడు.

"మిగిలిన ముక్క ఉండాలి కదా, మూరెడు? ఏదీ?"

"అంచులో ఉంది."

వంగి చూశాడు. "నాలుగు వేళ్ల మడత! ఇంత గుడ్డ లోపల దాచడం దేనికే?"

లెట్టీ అతని నడుముకి దోపుకున్న కొలబద్ద లాగి తీసుకుంది. ఎస్తర్‌ని తలుపు చెక్కకి ఆనించి, తన మోకాళ్ల మధ్య నిలబెట్టి, తలమీద బద్ద అడ్డంగా పెట్టి సుద్దతో గీత గీసింది.

"దీనికి పైన ఎన్ని గీతలు పడతాయో నీకేం తెలుసు," అంది.