పదహారు జతలు

నలభై ఆరేళ్ళు వచ్చేదాకా తిరుమలయ్య ఏ ఆటా ఆడి ఎరగడు. గోలీలాడే వయసులో తండ్రి చేతికి ఉలి ఇచ్చాడు, అంతే, తలెత్తి చూసేసరికి తలే నెరిసింది. తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి పక్క సందులో ఆయనది ఎర్రచందనం బొమ్మల అంగడి. ఒక మగబొమ్మ, ఒక ఆడబొమ్మ, ఒకే దుంగలోంచి కోసి, ఒకే దారంతో కట్టి అమ్ముతాడు. కొత్త పెళ్ళికూతుళ్ళకు ఇవ్వడానికి జనం కొనుక్కుపోతారు. మగబొమ్మ ఒక్కటి చాలు అన్నవాళ్ళను ఆయన తిట్టకుండా పంపిన రోజు లేదు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటేడు, ఎండాకాలం మధ్యాహ్నం, జయరావు చేతికర్రతో మెట్లు తడుముకుంటూ ఆ అంగడికి వచ్చాడు. తాలూకా కచేరీలో రికార్డులు రాసి రిటైరైన మనిషి. చంకలోని మూట విప్పి చదరంగం కాయలు కుమ్మరించాడు.

"ఇట్లాంటివే ముప్పై రెండు చెక్కియ్యాలప్పా. చూసేదానికి గాదు, తడిమేదానికి. కండ్లు పోతా ఉండాయి. నరం ఎండిపోయిందని మద్రాసు డాక్టరు చేతులెత్తేసినాడు. తెల్లకాయేదో నల్లకాయేదో తెలీడం లేదు."

తిరుమలయ్య ఒక కాయను తిప్పి తిప్పి చూశాడు. "ఇవేం బొమ్మలు సామీ? అన్నీ మంచంకోళ్ళ మాదిరి ఉండాయి. ఎవురు ఎవురో సెప్పండి. తెలీనోళ్ళను నేను సెక్కలేను."

జయరావు అరుగు మీద కుదురుగా కూర్చున్నాడు. చెప్పమంటే చాలు, పొద్దు గూకేదాకా చెప్పే రకం ఆయన.

"ఇదో, ఈయన రాజు. ఒక్కో అడుగే వేస్తాడు."

"ముసిలోడా?"

"ముసిలోడు గాదప్పా, రాజు! పక్కన మంత్రి. నేరుగా, అడ్డంగా, మూలగా, యాడికంటే ఆడికి, ఎంత దూరమైనా పోతాడు."

"అయితే మంత్రికి పిక్కలు గట్టిగా పెట్టాల. రాజుకు బొజ్జ సాలు."

జయరావుకు నవ్వొచ్చింది. ఏనుగు నేరుగా నడుస్తుందన్నాడు, శకటమనే బండి మూలగా పోతుందన్నాడు, గుర్రం రెండిళ్ళు నేరుగా పోయి పక్కకు తిరుగుతుందన్నాడు. "నేరుగా పోయే గుర్రాన్ని నేనూ సూళ్ళేదు సామీ" అని తిరుమలయ్య ఒప్పుకున్నాడు. బంటు ముందుకే పోవాలి, వెనక్కి రాకూడదు అనేసరికి మాత్రం ఆయనకు నచ్చలేదు.

"వీనికి ఇల్లూ వాకిలీ ఉండవా సామీ?"

నలభై ఏళ్ళుగా ఆడుతున్నాడు జయరావు. బంటుకు ఇల్లుందా అని ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. ముక్కుపొడుం పీల్చాడు.

"ఆకర్న రాజును సంపేస్తారా?"

"చంపేది లేదు. యాడికీ కదల్లేకుండా చేస్తే ఆట కట్టు. రాజు ఆడే నిలబడుంటాడు."

"అది మేలు" అన్నాడు తిరుమలయ్య. "మరి మీకు ఎదురుగా కూసునేది ఎవురు?"

జయరావు ముఖం వాడిపోయింది. "వరదయ్యని, ముప్పై ఏండ్ల నేస్తం. ఏడు నెలల్నుంచి ఆయన చేతిలో ఒక్క ఆట గూడా ఓడిపోలేదు నేను."

"మంచిదే గదా సామీ!"

"యాడ మంచిది? నా బంటును నేనే కొట్టుకుంటే కిక్కురుమనకుండా వెనక్కి పెడతాడు. తన మంత్రిని తెచ్చి నా నోటికాడ పెడతాడు. గుడ్డోనికి బిచ్చం వేసినట్టు గెలుపు వేస్తాడప్పా! పోవడం మానేసినా. ఈ కాయలు కుదిరితే మళ్ళీ ఆడతా. కుదరలేదా, నా ఆట ఇంతటితో సరి."

గెలిచినవాడు ఎందుకేడుస్తాడో తిరుమలయ్యకు ఒక్క ముక్క అర్థం కాలేదు.  అయినా ముందుగా ఇవ్వబోయిన అచ్చారం వద్దన్నాడు, నెల గడువు అడిగాడు.

ఆ నెలంతా జయరావు రోజూ మధ్యాహ్నం వచ్చి కూర్చునేవాడు. తిరుమలయ్య ఒక చేత్తో చెక్కుతూ, ఒక చేత్తో పాత కాయలు జరుపుతూ ఆట నేర్చుకున్నాడు. జయరావు చేయి తప్పు కాయ మీద పడితే, "అది నాది సామీ" అనేవాడు. తిరుమలయ్య ఒక్క ఆటా గెలవలేదు. ముసలాయన రావడం ఒక్క పూట ఆలస్యమైతే మాత్రం ఉలి పక్కన పెట్టి సందు మొగ దాకా పోయి చూసి వచ్చేవాడు. భార్య మునిరత్నమ్మ కోసం కూడా ఆయన అట్లా ఎదురుచూసి ఎరగడని ఆమే నలుగురిలో అంది.

నెల నిండింది. తిరుమలయ్య చేసిన చదరంగం పలకలో ప్రతి గడికీ ఒక చిల్లి, ప్రతి కాయ కిందా ఒక చీల, తడిమినా పడిపోకుండా. జయరావు సంబరంగా రాజును పట్టుకున్నాడు. బొజ్జ కుదిరింది. ఎదుటి రాజును పట్టుకున్నాడు. వేళ్ళు తల వెనక ఆగిపోయాయి.

"ఇదేందిది? కొప్పా? రాజుకు కొప్పేందప్పా?"

"ఆయమ్మ రాజమ్మ సామీ. ఆ పక్కంతా ఆడోళ్ళే."

జయరావుకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నేను యుద్ధం చెయ్యమంటే నువ్వు పెండ్లి చేసి పెట్టినావే! నెల రోజులు నెత్తీనోరూ కొట్టుకొని చెప్పిందంతా ఇందుకా?"

"కోప్పడొద్దు సామీ. మా పనిలో మొగబొమ్మనొక్కదాన్నే కోసేది లేదు. మా నాయనా కోయలేదు, మా తాతా కోయలేదు. ముప్పై రెండు అంటిరి, పదార్ జతలు కోసినా. నాకు సెయ్యి ఇంకోరకంగా పోదు."

 జయరావు విసురుగా ఇంకో కాయ పీకాడు. దంతాలున్న ఏనుగు. దాని జతకు దంతాల్లేవు, ఆడ ఏనుగు. మూత లేని బండి ఒకటి, ఆడవాళ్ళు ఎక్కే గూడుబండి ఒకటి. ఒక గుర్రానికి జూలు విరబోసి ఉంది, ఇంకోదానికి అల్లి ఉంది. తలపాగాల బంట్లు ఎనిమిది, కొప్పుల బంట్లు ఎనిమిది. వేళ్ళు అన్నిటినీ ఒకసారి చుట్టి వచ్చాయి, మళ్ళీ చుట్టి వచ్చాయి. ఈసారి నెమ్మదిగా.

"ఎవరెవరో తెలస్తా ఉండాదప్పా" అన్నాడు చివరికి, చాలా చిన్నగా. "అన్నీ తెలస్తా ఉండాయి. కూర్చో. ఆడోళ్ళు నావాళ్ళు."

ఆట మొదలైంది. జయరావు వేళ్ళు పలక మీద చకచకా తిరిగాయి, ఒక్కసారీ తడబడలేదు. ఇరవై ఎత్తుల్లో తిరుమలయ్య వైపు సగం ఖాళీ అయింది. గెలుపు అందుతోందన్న ఆత్రంలో జయరావు తన మంత్రమ్మను బారుగా ముందుకు తోశాడు. ఆ వరసలోనే, చివరి గడిలో, తిరుమలయ్య ఏనుగు ఉంది. మధ్యలో అడ్డం ఎవరూ లేరు.

తిరుమలయ్య చూశాడు. చెయ్యి ఏనుగు మీదికి పోయి వెనక్కి వచ్చింది. జయరావు ముఖంలో అంత సంతోషం ఆయన ఈ నెలలో చూడలేదు. ఒక బంటును జరిపేస్తే పోయె, ఎవరికి తెలుస్తుంది? కానీ జరిపితే తాను ఇంకో వరదయ్య అయిపోతాడు. గెలిచిన మనిషి ఎందుకు ఏడ్చాడో అప్పుడు తెలిసింది తిరుమలయ్యకు. ఆ ముసలాయన మీద తనకు ఎంత ప్రేమ ఉందో కూడా అప్పుడే తెలిసింది.

"మీ మంత్రమ్మను కొట్టినా సామీ" అన్నాడు, ఏనుగును తెచ్చి అక్కడ నాటి.

జయరావు వేళ్ళు ఆ గడి దాకా వచ్చాయి. దంతాలు తగిలాయి. వెనక్కి పోయి ఏనుగు ఉండిన చిల్లిని తడిమాయి. 

మంత్రమ్మ పోయాక జయరావు వైపు కూలుతూ వచ్చింది. ఇంకో పదెత్తులు నడిచాయి. కొప్పు రాజుకు కదిలే దారి లేకపోయింది. పెద్దాయనతో ఆ మాట అనడానికి తిరుమలయ్యకు నోరు రాలేదు.

"చెప్పప్పా" అన్నాడు జయరావు. ఆయన చెంపలు తడిగా ఉన్నాయి, నోరు మాత్రం నవ్వుతోంది. "చెప్పు, నా చెవులతో విననీ."

"ఆట కట్టు సామీ."