ఎవరి గడ్డం వాళ్లు

ఆ సెలూన్‌లో కుర్చీలు రెండే. ఒకటి బావది, ఒకటి బావమరిదిది. బావమరిదికి నలభై దాటాయి, చెవుల పక్కన నెరిసింది కూడా. అయినా వచ్చేపోయే వాళ్లందరికీ అతను చిన్నబ్బాయే. మీసం రాని రోజుల్లో అక్క చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మొగుడికి అప్పగించింది. కత్తి పట్టడం దగ్గర్నుంచి అన్నీ బావే నేర్పాడు. అప్పటి నుంచీ అదే కుర్చీ వెనక, అదే అద్దం ముందు నిలబడి ఉన్నాడు.

పొద్దున్నే షట్టర్ సగం ఎత్తి, కస్టమర్లు రాకముందే వాళ్లిద్దరూ ఒకరి గడ్డం ఒకరు గీసేవారు. ముందు చిన్నబ్బాయి కూర్చునేవాడు, తర్వాత బావ. ఇందులో ఒక సదుపాయం ఉంది. నోటి చుట్టూ నురగ, మెడ మీద కత్తి ఉన్న మనిషి ఎదురు మాట్లాడలేడు. కాబట్టి ఇంట్లో అనలేని మాటలన్నీ కత్తి చేతిలో ఉన్నవాడు అనేవాడు, కుర్చీలో ఉన్నవాడు పడేవాడు. మోటారు కట్టేయకుండా ఎందుకు పడుకున్నావు, అక్క మీద అంత నోరెందుకు చేసుకున్నావు, ఇలాంటివి. తర్వాత కుర్చీ మారేది, జవాబు వచ్చేది. ఇద్దరూ ఇన్నేళ్లుగా జుట్టూ జుట్టూ పట్టుకోకుండా ఉన్నారంటే అది ఈ ఏర్పాటు చలవేనని అక్క అంటుంది. అక్క మాటలో అబద్ధమేమీ లేదు.

ఇప్పుడు చిన్నబ్బాయి నోట్లో ఒక మాట కొన్నాళ్లుగా నానుతోంది. ఓడలో వంట చేసే కస్టమరొకడు జుట్టు కత్తిరించుకుంటూ, తమ ఓడలో కూడా సెలూన్ ఉందనీ, అక్కడి గుండ్రటి కిటికీలోంచి చూస్తే సముద్రం తప్ప ఏమీ కనబడదనీ చెప్పాడు. చిన్నబ్బాయికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తన అద్దంలో ఎప్పుడు చూసినా ఎదురుగా ఉన్న చెప్పుల దుకాణమే కనిపిస్తుంది. వంటవాడి చేత దరఖాస్తు పెట్టించాడు. పిలుపు వచ్చింది. శుక్రవారం పరీక్ష. గడ్డం గీయాలి, గీస్తూ ఇంగ్లీషులో మాట్లాడాలి.

బావకు చెప్పాలి. రోజూ బావ మొహానికి నురగ పట్టించి, ఇవాళ చెప్పేస్తాననుకుని కత్తి ఎత్తేవాడు. తీరా ఎత్తాక నీళ్లు నమిలేవాడు. కళ్లు మూసుకుని, మెడ చాపి, తనకేసి నమ్మకంగా మొహం పెట్టిన మనిషితో నిన్ను వదిలి వెళ్తానని ఎలా చెప్పడం?

ఈలోగా సాయంత్రాలు, కొత్త తాళాలు కొనుక్కొస్తాననో, కత్తెరలు సానపట్టిస్తాననో చెప్పి ఇంగ్లీషు క్లాసుకు వెళ్లేవాడు. టైలరు షాపు పైన ఒక గది. కింద మిషన్ల చప్పుడు, పైన టీచరు గారి గొంతు. ఆవిడ పద్ధతి ఆవిడదే. బట్టీ పట్టడం ఆవిడకు గిట్టదు. ఏ వాక్యం చెబితే ఆ పని చేస్తూ చెప్పాలి.

ఆ రోజు పాఠం మైసెల్ఫ్, యువర్సెల్ఫ్, హిమ్సెల్ఫ్.

"మనం ఎవరి పని వాళ్లం చేసుకుంటే ఆ సంగతి మన మాటలో చివర్నే తెలిసిపోతుంది. తుడుచుకున్నాను, కోసుకున్నాను, అంతే. ఇంగ్లీషులో దానికి వేరే మాట పక్కన వచ్చి కూర్చోవాలి. ఐ డ్రైడ్ మైసెల్ఫ్. హీ కట్ హిమ్సెల్ఫ్. కొన్నిటికి ఆ మాట లేకపోయినా నడుస్తుంది. కానీ ఎంజాయ్‌డ్ అని ఊరికే వదిలేశారో, వాక్యం కుంటుతుంది" అని టీచరు గారు ఒక్కొక్కళ్లనీ లేపారు.

ఒకావిడ చేతిరుమాలుతో మొహం తుడుచుకుంటూ చెప్పింది. ఒక కుర్రాడు లేచి తనను తాను పరిచయం చేసుకున్నాడు. చిన్నబ్బాయి వంతు వచ్చింది.

"మీరు సెలూన్ కదా. ఐ షేవ్ మైసెల్ఫ్. కానివ్వండి."

చిన్నబ్బాయి చెయ్యి గడ్డం దాకా వెళ్లి ఆగిపోయింది. "నేను గీసుకోనండి. మా బావ గీస్తాడు."

"అయితే మై బ్రదరిన్లా షేవ్స్ మీ అనాలి."

"మరి నాకు మైసెల్ఫుతో పనేముందండీ?"

గదంతా నవ్వింది. టీచరు గారు కూడా నవ్వి, మామూలుగానే అడిగారు. "ఓడలో మీ బావ ఉంటాడా?"

ఆవిడ మనసులో ఏమీ లేదు. చిన్నబ్బాయి మాత్రం ఆ మాటను ఇంటిదాకా మోసుకెళ్లాడు.

మర్నాడు తెల్లవారుతూనే పెరట్లో కుళాయి గట్టు మీద చిన్న అద్దం పెట్టుకుని, టీచరు గారు చెప్పినట్టే పనీ మాటా కలిపి మొదలుపెట్టాడు. వేల గడ్డాలు గీసిన చెయ్యి సొంత మొహం మీదికి రాగానే మొద్దుబారింది. ఎడమంటే కుడిగా, కుడంటే ఎడమగా తిరిగింది. కణత దగ్గర ఒక వైపు ఎక్కువ పోయింది, చెంప మీద గాటు పడింది. చేస్తున్నదేమిటో షాపు మెట్లెక్కేదాకా అతనికి తట్టలేదు. గీసుకున్న గడ్డంతో బావ ముందుకు వెళ్తున్నాడు!

బావ దువ్వెన పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"ఎవడు చేశాడ్రా ఇది?"

"నేనే, బావా."

"నీ చెయ్యి నాకు తెలీదా? గుడ్డివాడు కూడా ఇంత దరిద్రంగా గీయడు. ఆ మలుపులో కొత్త షాపుకెళ్లావు కదూ?"

"లేదు బావా, ఒట్టు. నేనే గీసుకున్నా."

"ఎందుకు? నాకు చేతులు పడిపోయాయా?"

బావ కుర్చీ దులిపి, మొదటి కస్టమరును పిలిచాడు. ఆ రోజు ఆయన కుర్చీ ఎక్కలేదు. మర్నాడూ ఎక్కలేదు, ఆ మర్నాడూ అంతే. బావ మొహాన తెల్లటి గడ్డం మొలిచింది. సెలూన్ ఓనరుకే గడ్డమేమిటని కస్టమర్లు ఆటపట్టించారు. బావ నవ్వలేదు. చిన్నబ్బాయితో ఆయన మాటలు బ్లేడు, టవలు, నీళ్లు అన్నంతవరకే. ఇంట్లో అక్క ఇద్దరికీ అన్నం వడ్డించి, ఇద్దరి మొహాలూ చూసి, మీకేం పుట్టిందని విసుక్కుంది. బావకు కోపం వచ్చి ఉంటే చిన్నబ్బాయి భరించేవాడు. కానీ ఆయన మనసుకు కష్టం కలిగింది.

గురువారం పొద్దున్న షట్టర్ సగం ఎత్తగానే చిన్నబ్బాయి కత్తి చేతిలోకి తీసుకున్నాడు.

"కూర్చో బావా. నీతో మాట్లాడాలి."

మాట్లాడాలంటే కూర్చోవాలి. అది ఆ షాపు రివాజు. బావ కూర్చుని కళ్లు మూసుకున్నాడు. చిన్నబ్బాయి నురగ పట్టించి, కుడి చెంప గీస్తూ అన్నీ చెప్పేశాడు. వంటవాడు, కిటికీ, క్లాసు, రేపటి పరీక్ష, నెగ్గితే మళ్లీ ఎప్పుడొస్తాడో తెలియకపోవడం. అక్కకు కూడా చెప్పలేదన్నాడు. నిన్ను కాదని కాదు బావా, ఒక్కసారి వేరే ఏదైనా చూడాలనుందన్నాడు. కత్తి ఆపాడు.

బావ కళ్లు తెరిచాడు. ఎడమ చెంప ఇంకా నురగతోనే ఉంది. ఎదురు మాట్లాడకూడని సమయం. అయినా మాట్లాడాడు.

"నెగ్గకుండా ఎలా ఉంటావు? నా దగ్గర నేర్చినవాడివి." చెయ్యి చాపాడు. "అదిలా ఇవ్వు."

"ఇంకా సగం ఉంది బావా."

"సగం నేను గీసుకుంటాను. ఎప్పుడో ఒకప్పుడు మొదలెట్టాలిగా."

చిన్నబ్బాయి కత్తి ఇచ్చేశాడు. బావ అద్దానికి దగ్గరగా జరిగి, బుగ్గ లాగి పట్టుకుని, మెల్లగా మొదలుపెట్టాడు. చెయ్యి అటు వెళ్లాల్సింది ఇటు వచ్చింది. చిన్నబ్బాయి ముందుకు కదిలాడు. బావ అద్దంలోంచే వద్దని తలూపాడు.

చాలాసేపు పట్టింది. బావ టవలుతో మొహం తుడుచుకుని, ఎడమ చెంప ఇటు తిప్పాడు.

"ఎలా వచ్చింది?"

చెవి కింద రూపాయంత మేర గడ్డం అలాగే ఉండిపోయింది. ఆ షాపులో గీత వంకరైతే వంకరని మొహం మీదే చెప్పుకునేవారు, దాచేవారు కాదు.

"బాగా వచ్చింది, బావా" అన్నాడు చిన్నబ్బాయి.