బావ చెప్పిన పేరు

వరసగా మూడు సినిమాలు మునిగాక, దర్శకుణ్ణి చూస్తే స్టూడియో కాపలావాడు కూడా గేటు సగమే తీసేవాడు. ఆ రోజుల్లో అతనికి నిలువనీడ ఇచ్చింది అక్కాబావలు. ముందుగది అతనిది, వంట అక్కది, కథ వినే చెవులు బావవి.

దర్శకుడు తిన్నగా కాగితం మీద కలం పెట్టే రకం కాదు. ముందు నోటితో చెప్పాలి. ఆడగొంతు, మగగొంతు, తలుపు కిర్రుమనడం, వాన జల్లు అన్నీ తనే అయి గదంతా తిరగాలి. వినేవాడు ఎక్కడ ముందుకు వంగాడో, ఎక్కడ ఆవలించాడో చూసుకుని అప్పుడు రాసుకోవాలి. బావ ఓపిక గల మనిషి. చెప్పిన కథే నాలుగోసారి చెప్పినా కొత్తగా విన్నట్టే వినేవాడు.

బావకు నత్తి. బయట మాట్లాడేటప్పుడు మాట గొంతులో ఇరుక్కుంటే, తొడమీద వేళ్ళతో దరువేస్తూ దాన్ని బయటికి లాక్కునేవాడు. ఎవరైనా జాలిపడి మాట అందించబోతే ముడుచుకుపోయేవాడు. బామ్మర్ది దగ్గర మాత్రం, ఏం చిత్రమో, గట్టు తెగిన కాలవలా మాట్లాడేవాడు.

ఒక సాయంత్రం కథ అయ్యాక బావ అన్నాడు: "నువ్విన్ని చెప్పావు కదరా, నేనొకటి చెబుతా విను. మీ అక్కకు కూడా తెలీదు."

పెళ్ళయిన కొత్తలో గోదాములో పనికి వెళ్ళాడట. మేస్త్రీ పేరడిగాడు. తన పేరులో మొదటి అక్షరమే పెగలలేదు. వెనక వరస, ముందు మేస్త్రీ చిరాకు. చివరికి నోటికి సులువుగా వచ్చిన వేరే ఎవరి పేరో చెప్పేశాడు. పని దొరికింది. ఏడాది పాటు ఆ పేరుతో పిలిస్తేనే పలికాడు. ఒకరోజు అక్క గోదాము గేటు దగ్గరికొచ్చి మొగుడి పేరు చెప్పి అడిగితే, "ఆ పేరుగలవాడు ఇక్కడెవడూ లేడమ్మా" అని పంపేశారు. బావ బస్తాల వెనక నిలబడి చూస్తూనే ఉన్నాడు. బయటికి రాలేకపోయాడు.

"ఇంటికెళ్ళి, గుమాస్తా పేరు తప్పు రాసుకున్నాడని చెప్పా. పాపం, నమ్మింది" అంటూ బావ కళ్ళు ఒత్తుకున్నాడు.

దర్శకుడూ ఒత్తుకున్నాడు. కాకపోతే ఆ తడి కళ్ళ వెనక ఇంకో కన్ను పొడిగా తెరుచుకునే ఉంది. గేటు దగ్గర పెళ్ళాం, బస్తాల వెనక మొగుడు, సీనంటే ఇదీ అనుకుంది ఆ కన్ను.

నాలుగో సినిమాలో అదే హాస్యమైంది. రాసేటప్పుడు, షూటింగుకు ముందు బావనడుగుదాంలే అనుకున్నాడు. షూటింగప్పుడు డబ్బింగుకు ముందు అనుకున్నాడు. దొంగకు తెల్లవారడమే ఇష్టం ఉండదు, ఇతనికి బావ ఎదురుపడటం ఇష్టం లేకపోయింది. హాస్యనటుడికి నత్తి నేర్పింది కూడా తనే. "అలా కాదు సార్, వేళ్ళు తొడమీద ఆడాలి. చూపు నేలమీద ఉండాలి" అని తన తొడమీదే వాయించి చూపించాడు.

విడుదలకు ముందు తెలిసినవాళ్ళకు వేసిన ఆటకు ఇంట్లోవాళ్ళను పిలవలేదు. కానీ ఆఫీసు మేనేజరు మర్యాద తెలిసినవాడు. తనంతట తనే వాళ్ళకు పాసులు పంపించాడు.

రెండు వరసల వెనక కూర్చున్న దర్శకుడికి బావ మెడ కనిపిస్తూనే ఉంది. గేటు సీను రాగానే హాలు పగలబడి నవ్వింది. అక్క తల మెల్లగా బావ వైపు తిరిగింది. బావ తెరమీద నుంచి చూపు తిప్పలేదు.

ఆట అయ్యాక మేడమీది గదిలో జనం హాస్యనటుడి చుట్టూ మూగారు. బావ ఎంత మర్యాదస్తుడంటే, తనే వెళ్ళి చేతులు జోడించాడు.

"చా... చా... చాలా బా..." వేళ్ళు తొడమీదికి వెళ్ళాయి.

హాస్యనటుడు కడుపు పట్టుకున్నాడు. "అబ్బబ్బ! అచ్చుగుద్దినట్టు దింపేశారండీ! నాకంటే మీరే బాగా చేస్తున్నారు, నా పొట్ట కొట్టేలా ఉన్నారే!"

చుట్టూ చప్పట్లు. "ఇంకోసారి, ఇంకోసారి!"

బావ దర్శకుడి వైపు చూశాడు. 'ఆయన మా బావ' అంటే సరిపోయేది. దర్శకుడి నోరు తెరుచుకుంది. అందులోంచి నవ్వొచ్చింది. అందరితో పాటు, అందరి కంటే కాస్త గట్టిగా.

బావ మెట్లవైపు నడిచాడు. అక్క తమ్ముడి దగ్గర ఆగింది.

"అయితే గుమాస్తా తప్పు కాదన్నమాట."

"అక్కా, అది..."

"నాతో చెప్పుకోలేనిది నీతో చెప్పుకున్నాడురా. దాన్ని నాకు పదిమంది నవ్వుల మధ్య చెప్పించావు."

దర్శకుడు మెట్ల దగ్గరికి పరిగెత్తాడు. "బావా, ఆ సీను తీసేస్తాను!"

"తీ... తీ... తీ..."

ఇన్నేళ్ళలో తనతో మాట్లాడుతూ బావ తడబడటం అదే మొదలు. చూడలేక, "తియ్యమంటావా?" అని అందించాడు.

బావ నోరు మూసుకున్నాడు. తర్వాత ఏమనబోయాడో చెప్పలేదు. దిగిపోయాడు, వెనకే అక్క.

దర్శకుడు తిరిగి లోపలికి వచ్చేసరికి హాస్యనటుడు కొత్త అభిమాని గురించే చెప్పి నవ్విస్తున్నాడు.

"అది నటన కాదు" అన్నాడు దర్శకుడు. "ఆయన మా బావ. ఆ మాటతీరు ఆయనది, ఆ కథా ఆయనదే. అడక్కుండా తీసుకున్నాను."

నవ్వులు ఆగాయి. ముందు తేరుకున్నది నిర్మాత. "అయితే ఇంకేం కావాలయ్యా! 'నిజంగా జరిగిన కథ' అని పోస్టరు మీద వేద్దాం. ఆయన్ని వెనక్కి పిలవండి, మన నటుడి పక్కన ఒక ఫొటో తీద్దాం!"

హాస్యనటుడి మొహంలో మాత్రం నెత్తురుచుక్క లేకుండా పోయింది. "ముందే ఒక్క మాట చెప్పకూడదూ? మనిషి మొహం మీదే నవ్వానే నేను!" అంటూ మెట్లు దిగిపోయాడు.

దర్శకుడు కిటికీ దగ్గరికి వెళ్ళాడు. కింద వీధిలో హాస్యనటుడు బావ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. బావ ఏదో చెబుతున్నాడు, చాలాసేపు పడుతోంది. నటుడు మాట అందించడం లేదు, కదలడం లేదు, వింటున్నాడు. ఆ ఇద్దరి పక్కకు చేరాలంటే దర్శకుడు దిగాల్సింది ఒక్క అంతస్తే.

అక్క తలెత్తి పైకి చూసింది.

అతను చటుక్కున కిటికీ తెర వెనక్కి తప్పుకున్నాడు.