ముప్పై ఎనిమిదో వరస

నేను ఒక ఆజ్ఞను. సింహాసనం మీంచి వచ్చే రకం కాదు. కంప్యూటరు నల్లతెర మీద రెండక్షరాలు కొడితే పరిగెత్తుకొచ్చి పని చేసిపెట్టే రకం. పేరు ఎన్ ఎల్. గబగబా పలికితే ఎన్నెల అని వినబడుతుంది గానీ అంత కవిత్వం నాలో లేదు. ఎవరేం రాసిచ్చినా ప్రతి వరసకీ ఎడంపక్కన ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి ఇస్తాను. రాసింది బాగుందా అని ఎవరూ అడగరు, నేనూ చెప్పను. అందుకే ఇన్నాళ్ళు బతికాను.

నన్ను పుట్టించినవాళ్ళు మహా పొదుపరులు. పేరుకు మూడో అక్షరం చేరిస్తే వేళ్ళు అరిగిపోతాయనుకున్నారు. కాపురం పెట్టించిన చోటు పేరు బిన్. చెత్తబుట్ట కాదండీ, మా పనిముట్లన్నీ ఉండే గది. అయినా నలుగురిలో చెప్పుకోవాలంటే నామోషీయే. ప్రోగ్రాములు రాసేవాళ్ళు తప్పు ఎన్నో వరసలో ఉందో నాచేత చెప్పించుకుని, ఆ తప్పు పక్కవాడిదని తేల్చేవారు. చివరికి ఒక పాత ల్యాప్‌టాప్‌తో పాటు తెనాలిలో ఇందుశేఖరం గారింటికి చేరాను. ఆయన కంప్యూటరు ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెబుతారు. ఇంట్లో కూడా చెబుతారు.

ఆయన భార్య వకుళ తెలుగు సాహిత్యంతో బి.ఏ. ప్యాసై, ఆ పట్టాను బీరువాలో పట్టుచీరల కింద పడుకోబెట్టింది. కాలేజీ రోజుల తర్వాత మళ్ళీ ఇప్పుడే ఒక నాటిక రాసింది. పరిషత్తు పోటీలకు ఎంపికైంది కూడా. కోడలి వేషం తనది, అత్తగారి వేషం ఎదురింటి రత్నమాంబ పిన్నిగారిది, పక్కతెర వెనక నుంచి మాటలందించే పని ఇందుశేఖరం గారిది.

రిహార్సల్లో “మళ్ళీ అక్కణ్ణించి” అంటే ఎక్కణ్ణించో తేలక రోజూ తగువే. ఆయన నన్ను పిలిచి నాటికకు అంకెలు వేయించారు. అసలు గొడవ అప్పుడు మొదలైంది.

నాటికకు ప్రాణం ఒక్కచోట ఉంది. అత్తగారు “ఇన్నేళ్ళలో నీకేం తక్కువ చేశామే?” అని నిలదీస్తుంది. కోడలు జవాబు చెప్పదు. ఆ మౌనానికి వకుళ ఒక వరస ఖాళీగా వదిలింది. ఆ మౌనం చూసి అత్తగారు మెత్తబడి, “కూర్చో. కాఫీ నేను పెడతా” అంటుంది.

నా తత్వం ఏమిటంటే, ఖాళీ వరసకు నేను అంకె వెయ్యను. దాటేసి పోతాను. దాంతో ప్రశ్న ముప్పై ఏడు, కాఫీ ముప్పై ఎనిమిది అయ్యాయి. రత్నమాంబ గారు ఊపిరి తీసుకోకుండా, “ఇన్నేళ్ళలో నీకేం తక్కువ చేశామే కూర్చో కాఫీ నేను పెడతా” అనేశారు. అత్తగారు నిలదీస్తున్నారో, పేరంటానికి పిలుస్తున్నారో అర్థం కాలేదు.

“పిన్నిగారూ, మధ్యలో ఆగాలి!” అంది వకుళ.

“ముప్పై ఏడు తర్వాత ముప్పై ఎనిమిదే కదుటమ్మాయ్! ఆగడానికి అక్కడేముందని?”

ఆవిడ ఆగిన రోజున ఇందుశేఖరం గారు ఆగేవారు కారు. పిన్నిగారు మాట మర్చిపోయారని కంగారుపడి, “కాఫీ, కాఫీ” అని అందించేవారు.

“ఏమండీ, ఆ ఖాళీకి కూడా నంబరు వేయించండి.”

“ఖాళీకి నంబరేంటి వకుళా? అందులో ఏముంది గనక?”

వకుళ ఆయన వంక చూసింది. నాటిక అంతా ఆ మాట మీదే రాశానని చెప్పలేదు. మర్నాడు ఆయన పాఠాలకు వెళ్ళాక తనే నా ముందు కూర్చుంది. నా గుణగణాలు తెలియాలంటే, మాన్యువల్‌కి పొట్టిపేరుగా, మ్యాన్ అని కొట్టాలి. “ఇక్కడా మగాణ్ణే అడగాలీ?” అని గొణిగి కొట్టింది. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగి, పకపకా నవ్వింది. నా పేరు పక్కన అడ్డగీత గీసి బి, ఏ అని చేరిస్తే నేను ఖాళీ వరసల్ని కూడా లెక్కపెడతాను. అలా కొట్టగానే ఖాళీకీ ఒక అంకె వచ్చింది, కాఫీ ఒక అంకె కిందికి జరిగింది.

సాయంత్రం మొగుడికి చూపించింది. “బి.ఏ. ఉంటేగానీ దీనికి ఖాళీ కనబడదటండీ. పోన్లెండి, నా చదువు ఇన్నాళ్ళకి పనికొచ్చింది.”

పోటీ రోజున కాగితాలు గాలికెగురుతాయని ఆయన ల్యాప్‌టాప్ పట్టుకుని పక్కతెర వెనక నిలబడ్డారు. కనక అంతా చూశాను. రత్నమాంబ గారు నిలదీశారు. వకుళ తలెత్తి చూసింది, పెదవి కదపలేదు. ఇందుశేఖరం గారి నోరు అలవాటుగా తెరుచుకుంది. వేలు ల్యాప్‌టాప్ తెర మీద పడింది. ముప్పై ఎనిమిది. పక్కన ఏమీ లేదు. ఆయన నోరు మూసుకున్నారు. హాల్లో దగ్గేవాళ్ళు కూడా దగ్గడం మానేశారు. రత్నమాంబ గారికైతే నిజంగానే కళ్ళు చెమర్చాయి. అప్పుడు వచ్చింది కాఫీ మాట.

బహుమతి ఏడుపులెక్కువున్న మరో నాటికకు వెళ్ళింది. ఇంటికొచ్చాక, చెప్పులు కూడా విప్పకుండా ఆయన అడిగారు: “వకుళా, ఆ నాటిక... మన గురించేనా?”

వకుళ జవాబు చెప్పలేదు. ఆయనా తొందరపెట్టలేదు. ముప్పై ఎనిమిది, అనుకున్నాను.

“కూర్చో,” అన్నారు కాసేపటికి. “కాఫీ నేను పెడతా.”

ముప్పై తొమ్మిది.

వకుళ కూర్చుంది. వంటింట్లో గిన్నెలు రెండు కింద పడ్డాయి. తర్వాత నాటికలో లేని వరస ఒకటి వినబడింది.

“వకుళా! పంచదార డబ్బా ఎక్కడ చచ్చిందే?”